జాంగో బేస్‌కమాండ్: రెండు మిర్చి సీజన్లు వాడిన తర్వాత

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి (కమిషన్ వ్యాపారి) దుకాణానికి లెక్కల సాఫ్ట్‌వేర్ రాసి, దాని మంచిచెడ్డలు నేనే చూసుకుంటున్నాను. గుమస్తాలు వాడే వెబ్ పేజీలు అందరికీ కనిపిస్తాయి గానీ, పనిలో సగం టెర్మినల్‌లోనే, అంటే ఆదేశాలు టైప్ చేసే తెర మీదే, జరుగుతుంది. కాంటాలు (తూకాలు) పూర్తయిన తర్వాత తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీల) ముద్రణ, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవారి) కూలీల లెక్క, రైతులకు చెల్లించవలసిన మొత్తాల జాబితా, రాత్రి బ్యాకప్ అన్నీ ఒకే ప్రోగ్రామ్ కింద నడిచే వేర్వేరు సబ్‌కమాండ్లు. వీటన్నిటికీ బేస్ క్లాస్‌గా (ఉమ్మడి పునాది కోడ్‌గా) నేను వాడుతున్నది పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోతో పాటు ఉచితంగా వచ్చే బేస్‌కమాండ్. ఈ సమీక్ష జాంగో మొత్తం గురించి కాదు, ఆ ఒక్క క్లాస్ గురించి. సబ్‌కమాండ్లకు బేస్ క్లాస్ ఎలా ఉండాలో ఆలోచించే ఎవరికైనా అది ఒక మంచి పాఠం అని నా నమ్మకం.

దీనికి ముందు నేను సొంతంగా ఒక బేస్ క్లాస్ రాసుకున్నాను. పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో 2.7, 3.2 వెర్షన్ల నుంచి ఉన్న ఆర్గ్‌పార్స్‌ను (టైప్ చేసిన ఆదేశాలను చదివే మాడ్యూల్‌ను) ఆధారం చేసుకుని, ప్రతి సబ్‌కమాండ్‌కూ ఒక పార్సర్ (ఆ పదాలను విడదీసి చదివే భాగం) తయారు చేసి, అన్నిటికీ కావలసిన ఆప్షన్లను ఆ క్లాస్‌లోనే చేర్చాను. అలాంటి ఆప్షన్లలో డ్రై రన్ ఒకటి. అది ఇస్తే లెక్క చూపించాలి, కానీ డేటాబేస్‌లో ఏదీ రాయకూడదు, ముద్రించకూడదు. సబ్‌కమాండ్ పేరుకు ముందు ఇచ్చినా, తర్వాత ఇచ్చినా పని చేయాలన్న ఉద్దేశంతో దాన్ని ప్రోగ్రామ్ మొత్తానికి ఉన్న పై పార్సర్‌లోనూ, సబ్‌కమాండ్లకు ఉన్న కింది పార్సర్లలోనూ రెండు చోట్లా పెట్టాను. అదే పొరపాటు అయింది.

మార్చి నెలలో ఒక ఉదయం, మిర్చి బస్తాలు యార్డు నిండా ఉన్న రోజున, కొత్త కూలి రేట్లు సరిగ్గా పడుతున్నాయో లేదో చూద్దామని డ్రై రన్ ముందు పెట్టి, ఆ తర్వాత తక్‌పట్టీ సబ్‌కమాండ్ పేరు టైప్ చేసి ఎంటర్ నొక్కాను. తెర మీద జాబితా రావలసింది పోయి, పక్క గదిలో ప్రింటర్ మొదలైంది. నేను లేచి వెళ్లి దాన్ని ఆపేసరికి వరుస సంఖ్యలతో 40కి పైగా తక్‌పట్టీలు బయటికి వచ్చాయి. వాటన్నిటినీ రద్దు చేసి, ఒక్కోదానికీ పుస్తకంలో కారణం రాసిపెట్టవలసి వచ్చింది. వెతికితే తెలిసిన కారణం ఇది: ఆర్గ్‌పార్స్ సబ్‌కమాండ్ భాగాన్ని చదవడానికి వేరుగా ఒక ఖాళీ నేమ్‌స్పేస్ (విలువలు దాచుకునే చోటు) తీసుకుంటుంది, చదవడం అయిపోయాక అందులోని విలువలన్నిటినీ పై నేమ్‌స్పేస్‌లోకి ఎక్కిస్తుంది. పైన నేను ఇచ్చిన ‘ట్రూ’ మీద, కింది పార్సర్ డిఫాల్ట్‌గా పెట్టుకున్న ‘ఫాల్స్’ వచ్చి కూర్చుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక కూడా లేదు. కింది పార్సర్లలో డిఫాల్ట్‌ను ‘సప్రెస్’ (ఆప్షన్ ఇవ్వకపోతే ఏ విలువా పెట్టవద్దు) అని పెడితే ఈ సమస్య పోతుంది. కానీ బేస్ క్లాస్ రాసేవాడికి ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి, నాకు తెలియదు.

ఆ వారంలోనే బేస్‌కమాండ్‌కు మారాను. ఇక్కడ ఆ గందరగోళానికి చోటే లేదు. జాంగో ప్రాజెక్టును నడిపే మేనేజ్ ఫైల్ పేరు తర్వాత వచ్చే మొదటి పదాన్నే జాంగో సబ్‌కమాండ్ పేరుగా తీసుకుంటుంది. ఆ స్థానంలో డ్రై రన్ పెడితే అది తెలియని కమాండ్ అని చెప్పి అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆప్షన్లన్నీ సబ్‌కమాండ్ పేరు తర్వాతే, ఒకే పార్సర్‌లోకే వస్తాయి. మొదట్లో ఇది వెసులుబాటు లేని పద్ధతిగా తోచింది, ఇప్పుడు దీన్నే కోరుకుంటాను. పేరులో అక్షరం తప్పుపడితే దానికి దగ్గరగా ఉన్న పేరును సూచించడం కూడా దుకాణంలో చాలాసార్లు పనికొచ్చింది.

క్లాస్ నిర్మాణం చిన్నది. మనం రాసే క్లాస్ పూరించవలసిన చోట్లు ముఖ్యంగా రెండే. ‘యాడ్ ఆర్గ్యుమెంట్స్’ మెథడ్‌లో ఏ ఆప్షన్లు కావాలో చెప్పాలి, ‘హ్యాండిల్’ మెథడ్‌లో అసలు పని చేయాలి. మిగిలినదంతా బేస్ క్లాస్ చూసుకుంటుంది: పార్సర్‌ను తయారు చేయడం, వెర్బోసిటీ (ఎంత వివరంగా చూపాలి), ట్రేస్‌బ్యాక్ (పొరపాటు కోడ్‌లో ఎక్కడ పుట్టిందో చూపే వివరం) వంటి ఆప్షన్లను అన్ని సబ్‌కమాండ్లకూ ఒకే తీరుగా చేర్చడం, ప్రాజెక్టు సెట్టింగులు సవ్యంగా ఉన్నాయో లేదో పరీక్షించడం, హ్యాండిల్‌ను పిలవడం, పని చెడితే తగిన ఎగ్జిట్ కోడ్ (ముగింపులో ఇచ్చే సంఖ్య, సున్నా అంటే విజయం) ఇవ్వడం, చివరికి డేటాబేస్ కనెక్షన్లను మూసివేయడం. ఈ క్రమాన్ని పిల్ల క్లాస్ (బేస్ క్లాస్ మీద మనం రాసేది) మార్చవలసిన అవసరం రాదు. పని చేసే తీరు పిల్లది, పని జరిగే క్రమం తల్లిది అన్న ఈ విభజన స్పష్టంగా ఉండబట్టే 14 సబ్‌కమాండ్లు రాసిన తర్వాత కూడా ఏ ఫైల్ తెరిచినా ఎక్కడ ఏముంటుందో నాకు వెతుక్కోకుండా తెలుస్తోంది.

ఎగ్జిట్ కోడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నా పాత క్లాస్ ఏ ఎక్సెప్షన్ (నడిచేటప్పుడు వచ్చే పొరపాటు) వచ్చినా పట్టుకుని, సందేశం ముద్రించి, ఏమీ జరగనట్టు సున్నా కోడ్‌తో బయటికి వచ్చేది. రాత్రి బ్యాకప్ విఫలమైనా క్రాన్‌లో (నిర్ణీత సమయానికి పనులు నడిపే ఏర్పాటులో) దాని వెనక ఉన్న పాత ఫైళ్ల తొలగింపు యథావిధిగా నడిచేది. బేస్‌కమాండ్‌లో ఊహించిన పొరపాటుకు మనం ‘కమాండ్‌ఎర్రర్’ లేవనెత్తాలి. టెర్మినల్ నుంచి నడిపినప్పుడు అది ఒక్క వాక్యంగా స్టాండర్డ్ ఎర్రర్‌లోకి వెళ్లి, కోడ్ 1తో ముగుస్తుంది. జాంగో 3.1 నుంచి ఆ కోడ్‌ను మనమే నిర్ణయించవచ్చు. నేను ‘ఈ రోజు కాంటాలు లేవు’ అన్నదానికి 3 ఇచ్చుకున్నాను, సెలవు రోజును అసలైన వైఫల్యం నుంచి వేరుగా గుర్తించడానికి. ఊహించని పొరపాటు మాత్రం పూర్తి ట్రేస్‌బ్యాక్‌తోనే బయటపడుతుంది, అలా పడాలి కూడా.

నాకు అన్నిటికన్నా నచ్చింది బయటికి పెద్దగా కనిపించని ఒక ఏర్పాటు. ఈ క్లాస్ వాడే పార్సర్‌కు తనను పిలిచింది టెర్మినలా, మరో ప్రోగ్రామా అన్నది తెలుసు. టెర్మినల్ నుంచి తప్పు ఆప్షన్ ఇస్తే ఆర్గ్‌పార్స్ అలవాటు ప్రకారం వాడుక పద్ధతి చూపించి కోడ్ 2తో బయటికి వస్తుంది. అదే తప్పు ‘కాల్ కమాండ్’ ద్వారా ప్రోగ్రామ్ లోపలి నుంచి జరిగితే, ప్రాసెస్‌ను చంపకుండా కమాండ్‌ఎర్రర్‌ను లేవనెత్తుతుంది. వెబ్ పేజీలోని బటన్ వెనక కూడా ఇదే సబ్‌కమాండ్ నడిచే మా దుకాణంలో ఈ తేడా లేకపోతే ఒక గుమస్తా చేసిన చిన్న పొరపాటుకు పేజీ మొత్తం కూలిపోయేది. పరీక్షలు రాయడం కూడా దీనివల్లే తేలిక. ముద్రించవలసినదాన్ని ప్రింట్‌తో కాకుండా క్లాస్ ఇచ్చే ‘స్టాండర్డ్ అవుట్’ ద్వారా రాస్తే, పరీక్షలో దాని స్థానంలో మెమరీలోని ఒక స్ట్రింగ్ బఫర్ ఇచ్చి, వచ్చిన తక్‌పట్టీని అక్షరం అక్షరం సరిచూసుకోవచ్చు.

ఇక లోపాలు. కమాండ్‌ఎర్రర్ సందేశం ముందు ఆ క్లాస్ పేరు ఎప్పుడూ వచ్చి చేరుతుంది. ‘ఈ లాట్‌కు ధర పడలేదు’ అని తెలుగులో చక్కగా రాసిన వాక్యం ముందు ఆ ఇంగ్లీషు మాట చూసి గుమస్తా భయపడి నాకు ఫోన్ చేస్తాడు. దాన్ని తీసివేయడానికి ఒక సెట్టింగ్ ఉంటే బాగుండేది. రెండోది, హ్యాండిల్ రాయడం మరిచిపోతే ఆ సంగతి కమాండ్‌ను నిజంగా నడిపినప్పుడే తెలుస్తుంది, అంతవరకూ సహాయం పేజీ కూడా మామూలుగానే కనిపిస్తుంది. మూడోది, ఆప్షన్లు ఒక డిక్షనరీగా (పేరు, విలువల జతలుగా) వస్తాయి కాబట్టి కీ పేరు తప్పు రాస్తే ఎడిటర్ పట్టుకోలేదు.

నాలుగోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. కాల్ కమాండ్‌కు ఆప్షన్లను పేరుతో ఇచ్చినప్పుడు, తప్పనిసరి ఆప్షన్లు తప్ప మిగిలినవి పార్సర్ గుండా వెళ్లవు, నేరుగా హ్యాండిల్‌కు చేరతాయి. టెర్మినల్‌లో తేదీ అక్షరాలుగా వచ్చి పార్సర్ దగ్గర తేదీ వస్తువుగా మారుతుంది. బటన్ నుంచి వచ్చినప్పుడు మాత్రం అక్షరాలు అక్షరాలుగానే లోపలికి వచ్చి, రెండు తేదీలను పోల్చే చోట పని ఆగిపోయింది. డాక్యుమెంటేషన్‌లో ఈ హెచ్చరిక ఉంది, తప్పు జాంగోది అనను. అయినా ఒకే తలుపు గుండా వచ్చినవన్నీ ఒకే తనిఖీ దాటాలని కోరుకోవడం న్యాయమే. ఇప్పుడు నేను ఆప్షన్లను పేరుతో కాకుండా, టెర్మినల్‌లో టైప్ చేసినట్టే అక్షరాల రూపంలో పంపుతున్నాను. అలా పంపినవి పార్సర్ గుండానే వెళ్తాయి.

డ్రై రన్‌ను జాంగో తనంతట తాను ఇవ్వదు కాబట్టి, బేస్‌కమాండ్‌కూ నా సబ్‌కమాండ్లకూ మధ్య ఒక సొంత క్లాస్ రాసుకోవలసి వచ్చింది. దానికి అడ్తికమాండ్ అని పేరు పెట్టాను. దీని హ్యాండిల్ పని మొత్తాన్ని ఒక డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో (మార్పులన్నీ కలిసి ఖరారయ్యే లేదా కలిసి రద్దయ్యే కట్టలో) పెట్టి, పిల్ల క్లాస్‌లోని ‘నడుపు’ అనే మెథడ్‌ను పిలుస్తుంది. డ్రై రన్ అడిగి ఉంటే చివర్లో రోల్‌బ్యాక్ (మార్పులన్నిటినీ వెనక్కి తీసుకోవడం) జెండా ఎత్తుతుంది. దీంతో ఏ సబ్‌కమాండూ డ్రై రన్ గురించి ఆలోచించవలసిన పని లేదు. అయితే డేటాబేస్ వెనక్కి తిరుగుతుంది గానీ ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితం తిరగదు. అందుకని ముద్రణను ‘ఆన్ కమిట్’ అనే ఏర్పాటుకు అప్పగించాను. ట్రాన్సాక్షన్ ఖరారైతేనే అది నడుస్తుంది, రోల్‌బ్యాక్ అయితే జాంగో దాన్ని వదిలేస్తుంది. ఆ మార్చి ఉదయం జరిగినది ఇక మళ్లీ జరగదన్న ధైర్యం నాకు ఈ రెండు ఏర్పాట్ల వల్ల వచ్చింది.

అడ్తికమాండ్ క్లాస్‌లో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదట దానిలో తేదీ ఆప్షన్, ప్రింటర్ పేరు, మిర్చి రకం అన్నీ చేర్చాను. తేజ, వండర్ హాట్, చపాట అన్న రకాల జాబితా తక్‌పట్టీకి అవసరం, బ్యాకప్‌కు ఎందుకు? బ్యాకప్ సహాయం పేజీలో మిర్చి రకాలు కనిపించేసరికి నాకే తప్పు అర్థమైంది. తేదీని ఒక మిక్సిన్‌గా (కావలసిన క్లాసులకు మాత్రమే కలుపుకునే చిన్న క్లాస్‌గా), ప్రింటర్‌ను మరొక మిక్సిన్‌గా విడదీసి, రకాన్ని తక్‌పట్టీ సబ్‌కమాండ్‌లోకే పంపాను. ఇప్పుడు అడ్తికమాండ్‌లో ఉన్నది డ్రై రన్ ఒక్కటే. ఇంకో సంగతి: పిల్ల క్లాస్ ‘యాడ్ ఆర్గ్యుమెంట్స్’ను తిరగరాసి, సూపర్‌ను (తల్లి క్లాస్‌లోని అదే మెథడ్‌ను) పిలవడం మరిచిపోతే పై ఆప్షన్లు చప్పుడు లేకుండా మాయమవుతాయి. అందుకే ఆ మెథడ్‌ను అడ్తికమాండ్ తన దగ్గరే ఉంచుకుని, పిల్లలకు ‘సొంత ఆప్షన్లు’ అనే వేరే మెథడ్ ఇచ్చింది. నడుపు మెథడ్‌ను పైథాన్ ఏబీసీ మాడ్యూల్‌తో తప్పనిసరి చేశాను, రాయకపోతే సహాయం పేజీ అడిగినా ఆగిపోతుంది. ఈ క్లాస్ ఉన్న ఫైల్‌ను కమాండ్స్ ఫోల్డర్‌లోనే పెట్టదలిస్తే పేరు అండర్‌స్కోర్‌తో మొదలుపెట్టాలి, లేకుంటే జాంగో దాన్ని కూడా ఒక కమాండ్‌గా లెక్కేస్తుంది.

జాంగో ప్రాజెక్టు ఇప్పటికే ఉన్నవారు మరో ఆలోచన లేకుండా దీన్నే వాడాలని చెబుతాను, అయిదుకు నాలుగున్నర ఇస్తాను. కేవలం ఈ ఒక్క క్లాస్ కోసం జాంగోను తెచ్చుకోవద్దు. చిన్న పనికి కూడా ప్రాజెక్టులోని అప్లికేషన్లన్నీ లోడ్ కావాలి, దుకాణంలోని పాత కంప్యూటర్ మీద ఆ ఆలస్యం ప్రతిసారీ తెలుస్తుంది. అలాంటివారు ఆర్గ్‌పార్స్ మీదే ఇదే విభజనతో ఒక చిన్న బేస్ క్లాస్ రాసుకోవచ్చు. పైథాన్ 3.6 నుంచి ఉన్న ‘ఇనిట్ సబ్‌క్లాస్’ ద్వారా పిల్ల క్లాసులు తమంతట తామే జాబితాలో చేరేలా చేయండి. ఉమ్మడి ఆప్షన్లను కింది పార్సర్లలో మాత్రమే పెట్టండి. ఏ సబ్‌కమాండూ ఇవ్వకుండా నడిపితే ఆర్గ్‌పార్స్ డిఫాల్ట్‌గా ఊరుకుంటుంది, ఆ తర్వాత మన కోడ్ అక్కడ లేని ఫంక్షన్ కోసం వెతికి అట్రిబ్యూట్ ఎర్రర్‌తో పడిపోతుంది. సబ్‌పార్సర్లను చేర్చేటప్పుడు 3.7 నుంచి ఉన్న ‘రిక్వయిర్డ్’ను ట్రూగా పెట్టి, దానితో పాటు ‘డెస్ట్’కు ఒక పేరు కూడా ఇస్తే, ఏది లోపించిందో వాడేవారికి ఆ పేరుతోనే సరైన సందేశం వస్తుంది.