శిమిలిగూడకి కారా, రైలా? పోనీ పర్లాకిమిడా?

అరకు దగ్గరి శిమిలిగూడలో దిగి చుట్టూ చూస్తే కనపడేది చిన్న కొండ స్టేషను, సముద్ర మట్టానికి 996.32 మీటర్ల ఎత్తని రాసిన బోర్డు. అంతే. దేశంలో బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదన్న పేరు చాలా ఏళ్లు దీనిదే. 2008లో కాశ్మీర్ లోయలో రైలు నడవడం మొదలయ్యాక ఆ పేరు అటు వెళ్లిపోయింది. బోర్డు కోసమే విశాఖ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్లాలా అని అడిగితే, అక్కర్లేదు. చూడాల్సింది బోర్డుని కాదు, రైలు పట్టా అంత ఎత్తుకి ఎలా ఎక్కిందన్నది. కారా, రైలా అన్నది కూడా దాన్నిబట్టే తేల్చుకోవాలి.

కొత్తవలస–కిరండూల్ లైను, అందరూ కెకె లైను అనేది, 1960లలో జపాన్ సహకారంతో వేశారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దిగాలి, అక్కణ్ణుంచి ఓడల్లో జపాన్ ఉక్కు మిల్లులకి వెళ్లాలి. లైను పుట్టిందే ఖనిజం కోసం. మనుషుల రైలు అందులో ఒక మూల సర్దుకుంది. ఇప్పటికీ ఖనిజం గూడ్సుకి దారివ్వడానికి ప్యాసింజరు ఏదో ఒక స్టేషన్లో ఆగి నిలబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ముందు కారు సంగతి. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట, బొడ్డవర మీదుగా అరకుకి సుమారు 115 కిలోమీటర్లు. బొడ్డవర దాటాక ఘాట్ మొదలు. అక్కణ్ణుంచి టైడా, అనంతగిరి, గాలికొండ. మధ్యలో ఆగుతూ వెళ్తే మూడున్నర గంటలు వేసుకోండి. పెట్రోలు ఎస్.కోటలోనే నింపుకోవాలి. లీటరుకి 15 ఇచ్చే బండయినా ఎక్కుడులో అంత ఇవ్వదు కాబట్టి రానూపోనూ 18 లీటర్లు లెక్క పెట్టుకోవడం మంచిది. ఫోన్లో మ్యాపు ఇంటి దగ్గరే దించుకోండి, ఘాట్‌లో సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది.

కారుతో లాభం ఏమిటంటే శిమిలిగూడలో కావాలంటే గంటసేపు ఉండొచ్చు. ప్లాట్‌ఫారం టికెట్టు తీసుకుని ఒక మూల కూర్చుంటే, అదృష్టం బాగుంటే ఖనిజం రైలు వస్తుంది. ముందు ఇంజన్ల హోరు వినిపిస్తుంది, ఆ తర్వాత ఎర్రటి ధూళి అంటుకున్న వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, లెక్క తప్పేటంత పొడవు. దించుడులో అంత బరువుని అదుపులో పెట్టడం ఎక్కించడంకంటే కష్టం, అందుకే అవి ఘాట్‌లో నింపాదిగా దిగుతాయి.

నష్టమేమిటంటే, కారులో వచ్చినవాళ్లకి లైను అసలు కనపడదు. రోడ్డు తన దారిన తను మెలికలు తిరుగుతుంది, పట్టా కొండ లోపలినుంచి వెళ్లిపోతుంది. సొరంగాలు, వంతెనలు, లోయ అంచు మలుపులు, ఏ పనితనం చూద్దామని బయల్దేరారో అదంతా చెట్ల వెనకే ఉండిపోతుంది. ఆ బెంగతో సొరంగం నోటిదాకా నడుద్దామనుకుంటారు కొందరు. పట్టాల మీద నడవడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల వరకూ జైలు లేదా వెయ్యి రూపాయల వరకూ జరిమానా, రెండూ పడొచ్చు. పైగా సొరంగంలో రైలొస్తే పక్కకి తప్పుకోవడం కష్టం. తలపైన తీగలో 25,000 వోల్టులుంటాయి, తాకక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా లాగేస్తుంది. నిలిచి ఉన్న వ్యాగనెక్కి సెల్ఫీ అన్న ఆలోచనే వద్దు.

కారులో ఘాట్ దిగేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటే: గేరు టాపులో పెట్టి, కాలు బ్రేకు మీదే ఉంచడం. నాలుగైదు మలుపులకి కాలిన వాసన వస్తుంది, తర్వాత పెడలు మెత్తబడుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలి, రెండో గేరు చాలాచోట్ల సరిపోతుంది. వాసన వస్తే వెడల్పు చోటు చూసి ఆపి, చక్రాల మీద నీళ్లు పొయ్యకుండా అరగంట చల్లారనివ్వండి. వేడి మీద నీళ్లు పోస్తే డిస్కు వంకరపోతుంది. ఎదురుగా ఎక్కే బండికి దారివ్వడం దిగేవాళ్ల బాధ్యత. నవంబరు నుంచి జనవరి దాకా ఆదివారాలు మాత్రం ఇవేవీ పనిచెయ్యవు, మలుపుకో బస్సు, బస్సుకో వరస.

ఇక రైలు. కిరండూల్ ప్యాసింజరు పొద్దున ఏడు లోపే విశాఖలో బయల్దేరుతుంది, కరెక్టు టైము ముందురోజు చూసుకోవాలి. అరకుకి నాలుగు గంటల ప్రయాణం. 2017 నుంచి విస్టాడోమ్ పెట్టె వేస్తున్నారు, పెద్ద పెద్ద అద్దాలు, తిరిగే కుర్చీలు. శని ఆదివారాలకి ఆ టికెట్లు చాలా ముందే అయిపోతాయి. దొరక్కపోతే దిగులు పడకండి. మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది, గాలి తగులుతుంది, సొరంగం రాగానే పిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా వేసే కేకలు వినిపిస్తాయి. ఏసీ అద్దం వెనక ఆ సందడి ఉండదు.

రైల్లో ఒక పని చెయ్యండి. ప్రతి స్టేషన్ బోర్డు కింద ఆ స్టేషన్ ఎత్తు రాసి ఉంటుంది. శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, ఇలా ఒక్కో అంకె కాగితం మీద రాసుకుంటూ పోతే కొండెక్కడం లెక్కల్లో కనపడుతుంది. 996.32 ఎంత కష్టపడితే వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. శిమిలిగూడ దాటాక అరకుకి కొంచెం దిగుడే. చిక్కల్లా ఏమిటంటే శిమిలిగూడలో బండి ఎక్కువసేపు ఆగదు. బోర్డు ఫొటో తలుపు దగ్గర నిలబడే తీసుకోవాలి, దిగి పరుగెత్తితే మిగిలిపోతారు.

మొదటిసారి వెళ్లేవాళ్లకి మా ఓటు రైల్లో ఎక్కి, రోడ్డు మీద దిగడానికే. కారుంటే డ్రైవింగ్ చేసేవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరి అరకు స్టేషన్ దగ్గర మిగతావాళ్లని ఎక్కించుకోవచ్చు. తిరుగుదారిలో శిమిలిగూడ, బొర్రా చూసుకుని, చీకటి పడకముందే బొడ్డవర దిగిపోవాలి. కారు నడిపేవాళ్లకి సొరంగాలు దక్కవు, పాపం. వాళ్లకి ఇంకోసారి రైలు టికెట్టు కొనిపెట్టడం న్యాయం.

జూలై నుంచి అక్టోబరు దాకా ఈ లెక్క మారుతుంది. వానలకి కొండచరియలు పట్టాల మీద పడితే రైలు రద్దవుతుంది, రోడ్డూ ఆగిపోవచ్చు. అలాంటి రోజుల్లో ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి మేలు. పర్లాకిమిడి మహారాజా గౌరచంద్ర గజపతి సొంతంగా వేయించిన రైలు శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా నుంచి అక్కడిదాకా 1900లో మొదలైంది. పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లు, బ్రాడ్‌గేజ్‌లో సగంకంటే తక్కువ. 1931కి గుణుపూర్ దాకా వెళ్లింది. 2004లో చిన్న రైలు ఆపి బ్రాడ్‌గేజ్ వేశారు, కాబట్టి చిన్న పట్టాలు చూద్దామని వెళ్తే నిరాశే. రాజుగారి కోట, ఊరు, ఆ పాత దారినే ఇప్పుడు వెళ్లే గుణుపూర్ ప్యాసింజరు, ఇవే మిగిలినవి. శ్రీకాకుళం, నరసన్నపేట దాటి పాతపట్నం మీదుగా వెళ్లాలి. నరసన్నపేట దాకా హైవేనే, ఘాట్ బాధ లేదు. పాతపట్నం దాటగానే ఒడిశా, కాబట్టి బండి కాగితాలు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు చేతికందేలా పెట్టుకోండి.