ఎన్నికల సీజన్‌లో ఊరి పాట: యాపా, రేడియోనా, క్లబ్బా?

అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో ఉంటూ మూడు అధ్యక్ష ఎన్నికలు చూశాను. మూడింటిలోనూ నాకు ఓటు లేదు. మొదట హెచ్‌1బి, తర్వాత గ్రీన్‌కార్డు క్యూ, ఇప్పటికీ అదే క్యూ. ఓటు ఉన్నవాడు వెళ్లి వేసొచ్చి పడుకుంటాడు. లేనివాడికి ఆ పని కూడా ఉండదు కాబట్టి టెన్షనంతా వాడిదే. అది తట్టుకోవడానికి మూడుసార్లూ పాటలనే పట్టుకున్నాను, కాకపోతే మూడు రకాలుగా: 2016లో ఫోన్‌లో యాప్, 2020లో కారు రేడియో, 2024లో నేరుగా క్లబ్బులు.

మొన్న కొత్తగా ఉద్యోగానికి వచ్చిన మా బాబాయి కొడుకు అడిగాడు: "అన్నా, ఇది ప్రపంచ లైవ్ మ్యూజిక్ రాజధాని అని 1991 నుంచి బోర్డు పెట్టుకుందంట కదా, ఇక్కడి పాటలు వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

యాప్ సంగతి త్వరగా ముగిస్తాను. ఖర్చు తక్కువ, పాప పడుకున్నాక కూడా వినొచ్చు, ఇల్లు కదలక్కర్లేదు. కానీ యాప్‌కి నేను ఏం విన్నానో తెలుసు, ఏ ఊళ్లో ఉన్నానో పట్టదు. ఇళయరాజాని వింటే ఇళయరాజానే ఇంకో పదిసార్లు వడ్డిస్తుంది. రెండు మైళ్ల దూరంలో వాయించే బ్యాండు దాని లెక్కలోకే రాదు. ఇంకో తలనొప్పి ఏమిటంటే, పాట వచ్చే ఫోన్‌లోకే వార్తలూ వస్తాయి. చరణం మధ్యలో పైనుంచి సర్వే అంకెలు జారిపడతాయి. 2016 నవంబరు 8 రాత్రి రౌండ్‌రాక్ అపార్ట్‌మెంట్‌లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏదో గిటార్ పాట విన్నాను. ఎవరిదో గుర్తులేదు. మ్యాపులో ఫ్లోరిడా ఎర్రబడటం, అంటే ట్రంప్‌కి పోవడం మాత్రం గుర్తుంది. మా ఆవిడ అప్పుడే హెచ్4 మీద, అంటే హెచ్‌1బి వాళ్ల భార్యాభర్తలకిచ్చే వీసా మీద, పని అనుమతి తెచ్చుకుని ఉద్యోగంలో చేరింది. 2015లో వచ్చిన ఆ వీలు ఉంటుందా పోతుందా అని ఆ రాత్రి ఇద్దరం లెక్కలేసుకుంటూ కూర్చున్నాం. అనుమతి పోలేదు గానీ, 2017 చివర్లో రద్దు ప్రతిపాదన మాట బయటికి వచ్చాక చాలాకాలం నిద్ర సరిగా లేదు.

2020లో క్లబ్బు అన్న మాటే లేదు. కోవిడ్ వల్ల మార్చి 6న ఈ ఊరి పెద్ద ఉత్సవం సౌత్ బై సౌత్‌వెస్ట్ రద్దయింది, తర్వాత వేదికలన్నీ మూతపడ్డాయి. రాక్ గాయని జానిస్ జాప్లిన్ చదువుకునే రోజుల్లో పాడిన త్రెడ్‌గిల్స్ అనే చోటు అయితే ఇక తెరవలేదు. అలా కారు రేడియో దగ్గరికి చేరాను.

ఇక్కడ యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి రెండు స్టేషన్లున్నాయి. 90.5లో కేయూటీ, అది వార్తలు. 98.9లో కేయూటీఎక్స్, అది పాటలు. 2013 దాకా రెండూ ఒకే స్టేషన్‌లో ఉండేవి, తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డట్టు పడ్డాయి. 2020లో నవంబరు 3న పోలింగ్ అయితే ఫలితం తేలింది 7న, శనివారం. ఆ నాలుగు రోజులూ నా చూపుడువేలు ఈ రెండు బటన్ల మధ్యే తిరిగింది. 90.5లో పెన్సిల్వేనియా లెక్కింపు, భయమేస్తే 98.9. కిరాణా షాపు పార్కింగ్‌లో ఇంజన్ ఆపకుండా కూర్చున్నప్పుడు మొదటిసారి కొంహుంతో విన్నాను. టెక్సస్ మెక్సికన్ల సంగీతం అది. జర్మన్, చెక్ వలసదారుల అకార్డియన్‌నీ పోల్కా దరువునీ తీసుకుని, పన్నెండు తీగల బాహో సెక్స్‌తోతో కలిపి వాళ్లు తమది చేసుకున్నారు. పాటగాడు ఆపిన చోట అకార్డియన్ అందుకుంటుంటే నాకు మా ఊరి పద్యనాటకం గుర్తొచ్చింది. నటుడు రాగం తీసి వదిలేశాక హార్మోనిస్టు దాన్ని పట్టుకుని ఇంకాస్త దూరం లాగుతాడే, అచ్చం అలా. రెండూ గాలికి లోహపు పత్తీలు కదిలి పలికే పెట్టెలే, బంధుత్వం ఉండటంలో వింతలేదు.

రేడియో గొప్పతనం అదే. నేను అడగనిది ఇచ్చింది. పాట అయ్యాక ఒక మనిషి గొంతు వచ్చి, ఇది ఫలానా వాళ్లు, ఇక్కడివాళ్లే అని చెబుతుంది. పేరు సరిగా వినపడకపోతే స్టేషన్ సైట్‌లో ప్లేలిస్టు ఉంటుంది. లోపం ఒక్కటే, వార్తల బటన్ పక్కనే ఉంటుంది, వేలు దానంతటదే పోతుంది.

ఇక 2024. జూన్ 27న బైడెన్, ట్రంప్‌ల డిబేట్, జూలై 15న ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా వాన్స్ పేరు ప్రకటన, 21న బైడెన్ తప్పుకోవడం, నెల తిరక్కుండా ఇన్ని జరిగితే మా వాట్సాప్ గ్రూపు ఊరుకుంటుందా? కరివేపాకు మొక్కలకీ కార్‌పూల్‌కీ పెట్టుకున్న గ్రూపు అది. వాన్స్ భార్య ఉష పుట్టింటివారు చిలుకూరివారు, పశ్చిమ గోదావరి వడ్లూరులో వాళ్ల మూలాలున్నాయని తెలియగానే "మన అల్లుడు" అని ఒక వర్గం, బైడెన్ స్థానంలో నిలబడ్డ కమలా హారిస్ తల్లి చెన్నై ఆవిడ కాబట్టి "మన కమలమ్మ" అని ఇంకో వర్గం. ఓటున్నవాళ్లు పట్టుమని ఐదుగురు లేరు, కొట్టుకున్నది మాత్రం నలభై మంది. గ్రూపు మ్యూట్ చేసి బయటపడ్డాను.

మొదట వెళ్లింది బర్నెట్ రోడ్‌లో లిటిల్ లాంగ్‌హార్న్ సెలూన్. ఆదివారాలు అక్కడ కంట్రీ బ్యాండు వాయిస్తుంటే, అంకెలు రాసిన బల్ల మీద కోడిని వదులుతారు. అది ఏ గడిలో రెట్ట వేస్తే ఆ నంబరు టికెట్ గెలిచినట్టు. దాన్ని బింగో అంటారు. గోదావరివాడిని, కోళ్ల మీద పందెం నాకు కొత్త కాదు, కానీ రక్తం లేని కోడిపందెం అదే మొదటిసారి చూడటం. ఎన్నికల సర్వేల కంటే ఆ కోడి మీదే నమ్మకం కుదిరింది.

తర్వాత సౌత్ కాంగ్రెస్‌లో 1955 నాటి కాంటినెంటల్ క్లబ్, ఆ తర్వాత 1964లో జేమ్స్ వైట్ తెరిచిన బ్రోకెన్ స్పోక్. ఇది ముందు రెస్టారెంటు, వెనక చేతికందేంత కిందికి పైకప్పున్న డాన్స్ హాలు. జంటలు అపసవ్యంగా, అంటే మన ప్రదక్షిణకి ఎదురు దిక్కులో తిరుగుతాయి. టోపీవాళ్లు, టాటూలవాళ్లు, డెబ్బై ఏళ్ల దంపతులు, ఎవరు ఎవరికి ఓటేస్తారో ముఖం చూసి చెప్పలేం, అడుగు మాత్రం అందరిదీ ఒకేసారి పడుతుంది. శాకాహారులకి అక్కడ ఫ్రైసే దిక్కు.

క్లబ్బులో యాడ్స్ ఉండవన్నది చిన్న లాభం కాదు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లు టెక్సస్‌కి 40 మంది ఉన్నా 1976 తర్వాత డెమొక్రాట్‌ని గెలిపించలేదు కాబట్టి అధ్యక్ష ప్రచారం డబ్బు చాలావరకు గట్టి పోటీ ఉన్న పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాలకి పోయింది. అయినా క్రూజ్, ఆల్‌రెడ్‌ల సెనేట్ పోటీ యాడ్స్‌తో టీవీ పెట్టాలంటేనే విసుగొచ్చేది.

నా మనసు మార్చింది మాత్రం ఒక బ్రేక్‌లో జరిగిన మాటలు. డ్రమ్మర్ బయట గోడకానుకుని నీళ్లు తాగుతున్నాడు. ఎన్నికల గురించి అడిగితే, తనకి దిగులల్లా ఒబామాకేర్ ఇన్సూరెన్స్ గురించేనన్నాడు. ఇక్కడి సంగీతకారుల వైద్యం కోసం 2005 నుంచి హామ్ అనే సంస్థ ఉందనీ, ఆ పత్రాలు నింపిపెట్టింది వాళ్లేననీ అతను చెప్పాకే నాకు తెలిసింది. మా ఇంట్లో ఎన్నికలంటే వీసా. అతనికి ఇన్సూరెన్సు, ఇంటద్దె. ఎనిమిదేళ్లుగా ఆ పాటలు వింటూ ఈ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు నాకు. లోపలికి వెళ్లాక టిప్పుల బకెట్‌లో ఐదు వేద్దామనుకున్నది పది వేశాను.

క్లబ్బుతో ఇబ్బందులు లేవా? ఉన్నాయి. ప్రవేశానికి 10–15 డాలర్లు, టిప్పు, పార్కింగ్, పాపని చూసుకునే మనిషి, మర్నాడు ఎనిమిదింటి మీటింగ్‌లో ఆవలింతలు. అందుకే వారానికి ఒక్కసారే క్లబ్బు, మిగతా రోజులు 98.9. ఎన్నికల నెలల్లో యాప్ మాత్రం వద్దంటాను. వార్తల నోటిఫికేషన్లు ఆపేసే నిగ్రహం ఉన్నవాళ్లకైతే పర్లేదు, నాకు లేదు.

నవంబరు 5 రాత్రి ఒక చిన్న బార్‌కి వెళ్లాను. బ్యాండు తలల మీద టీవీలో మ్యాపు రంగులు మారుతోంది, సౌండ్ మ్యూట్‌లో ఉంది. పదిన్నరకి ఇల్లు చేరి పడుకున్నాను. అసోసియేటెడ్ ప్రెస్ ఫలితం ప్రకటించింది మా టైములో తెల్లవారుజామున 4:34కి. నేను చూసింది ఆరున్నరకి, పాప లంచ్ బాక్స్ సర్దుతూ. రాత్రి కొన్న ఆ బ్యాండు సీడీ వంటింటి గట్టు మీద ఉంది. కారులో సీడీ ప్లేయర్ లేదని అప్పుడు గుర్తొచ్చింది.

మా తమ్ముడు ఇదంతా విని, వచ్చేవారం బ్రోకెన్ స్పోక్‌కి వస్తానన్నాడు. డాన్స్ చేయడట, ఫ్రైస్ తింటాడట.