పామేరియన్ అని కొన్న మా బొరుగు: కడపలో తొమ్మిదేళ్ల తర్వాత

2016లో మా పాప పోరు పడలేక ఐదు వేలు పెట్టి ఒక తెల్ల కుక్కపిల్లను కొన్నాం. అమ్మినాయన "ప్యూర్ పామేరియన్ మేడమ్, ఇంతకంటే పెరగదు" అన్నాడు. మా అత్తమ్మ దాన్ని చూసి "గుప్పెడు బొరుగులు పోసినట్టుంది" అనింది. అదే దాని పేరయింది. రెండేళ్లు తిరిగేసరికి బొరుగు తొమ్మిది కిలోలు తూగింది. టీకాకు తీసుకుపోతే పశువుల డాక్టరు నవ్వి, "ఇది పామేరియన్ కాదమ్మా, స్పిట్జ్" అన్నారు.

మన ఊళ్లలో పామ్ అని పిలిచే కుక్కల్లో చాలా మటుకు ఇవే, ఇండియన్ స్పిట్జ్‌లు. బ్రిటిష్ వాళ్ల కాలంలో వచ్చిన జర్మన్ స్పిట్జ్‌ల సంతానం అంటారు. స్పిట్జ్ అంటే జర్మన్‌లో మొనదేలింది అని. మూతి, చెవులు చూస్తే ఆ పేరెందుకో తెలుస్తుంది. అసలు పామేరియన్‌కు పేరిచ్చిన పొమెరేనియా బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉంది, ఇప్పుడు కొంత జర్మనీలో, కొంత పోలండ్‌లో. మంచు దేశాల్లో బండ్లు లాగిన కుక్కల వంశం. 1767లో షార్లెట్ రాణి ఇంగ్లండుకు రెండింటిని తెప్పించుకుంది. అవి మా బొరుగు కంటే పెద్దవే. 1888లో విక్టోరియా రాణి ఇటలీలోని ఫ్లారెన్స్ నుంచి మార్కో అనే చిన్న పామేరియన్‌ను తెచ్చుకున్నాకే చిన్న సైజుకు మోజు పెరిగింది. ఇప్పుడు అమెరికా లెక్కలో మూడు కిలోల చిల్లర దాటకూడదు. టైటానిక్ మునిగినప్పుడు బతికి బయటపడ్డ మూడు కుక్కల్లో రెండు పామేరియన్లే. మా బొరుగయితే లైఫ్‌బోటులో అందరి మీదా మొరిగేది, వాళ్లే దింపేసేవాళ్లు.

అసలు విషయం ఆ మొరుగుడే. దీని ఒళ్లు చిన్నది, నోరు మాత్రం ఇంటి కంటే పెద్దది. గ్యాస్ సిలిండర్ దొర్లిన చప్పుడు, పాలబ్బాయి బండి హారను, పక్కింట్లో మిక్సీ, గోడ మీద తొండ, దేనికైనా ఒకటే గొంతు. దొంగ వచ్చినా తొండ వచ్చినా తేడా తెలియదు మనకు. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు ఒకటికి నాలుగుసార్లు ఆలోచించుకోండి. ఎదురింటాయన మాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. ఈ తొమ్మిదేళ్లలో ఎవరినీ కరవలేదు గానీ, తోక పట్టుకు లాగే పిల్లలుంటే మాత్రం గుర్రుమంటుంది.

ఇంట్లో అందరినీ ఓర్చుకుంటుంది, ఒక్కరినే పట్టుకుంటుంది. కొనమని ఏడ్చింది పాప, అన్నం పెట్టేది నేను, అది పడుకునేది మాత్రం మా అత్తమ్మ మంచం కింద. ఆమె భజనకు పోతే వచ్చేదాకా గడప మీద గడ్డం ఆనించి కూర్చుంటుంది, బిస్కెట్ వేసినా చూడదు. అసూయ కూడా ఎక్కువే. మా ఆడబిడ్డ మనవడిని అత్తమ్మ ఒళ్లో పెట్టుకుంటే మధ్యలో మూతి దూర్చి, కాలితో గీకి, ఆఖరికి అలిగి పోయి వాకిట్లో గోడ వైపు తిరిగి కూర్చుంది.

కడప ఎండకు తట్టుకుంటుందా అని చాలామంది అడుగుతారు. ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. మూడో ఏడు ఏప్రిల్‌లో, పాపం ఇంత బొచ్చుతో ఎట్లా ఉంటుందని, ఒక షాపులో మొత్తం గొరిగించాను. వాళ్లూ వద్దనలేదు. ఇంటికి తెస్తే మేకపిల్లలా ఉంది. నాలుగు రోజులకు వీపు మీద చర్మం ఎర్రగా కందిపోయింది. డాక్టరు బాగా చీవాట్లు పెట్టారు. దీనికి రెండు పొరల బొచ్చు. పైపొర ఎండ చర్మానికి తగలకుండా కాస్తుంది. లోపలి మెత్తటి పొరను దువ్వి తీసేస్తే చాలు, గొరగకూడదు. మళ్లీ బొచ్చు వచ్చింది గానీ నడుము దగ్గర ఇప్పటికీ అతుకు వేసినట్టే ఉంటుంది. ఇప్పుడు వారానికి మూడు సార్లు దువ్వెన, తెల్లవారి ఆరు లోపే దేవుని కడప చెరువు వైపు నడక. మధ్యాహ్నమంతా వంటింట్లో నల్ల బండల మీద నాలుగు కాళ్లూ చాపి, పొట్ట నేలకు ఆనించి పడుకుంటుంది. టైల్స్ వేసిన హాలు వైపు కన్నెత్తి చూడదు. మెడకు పట్టీ వద్దు, గొంతుగొట్టం నాజూకు, దగ్గు వస్తుంది. ఛాతీకి వేసే బెల్టు కొనండి.

తిండికి పేచీ లేదు. పెరుగన్నం, రాగి సంగటి, ఉప్పూ కారం లేని కోడిమాంసం. ఒకసారి మాత్రం అత్తమ్మ ప్లేటులో బొరుగులకు ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) వేసి చేసిన ఉగ్గాని సగం లాగించేసింది. ఎర్రగడ్డలు కుక్కల రక్తకణాలను పగలగొడతాయని డాక్టరు చెప్పేవరకు మాకు తెలియదు. అదృష్టం బాగుండి ఆ రోజు కక్కేసింది. పేరు బొరుగు, ఉగ్గాని మాత్రం వాసన చూడనివ్వం. వానాకాలంలో పిడుదులు పట్టి జ్వరం తెచ్చుకుంది ఒకసారి, మూడు వారాలు మందులు మింగించడానికి మా తల ప్రాణం తోకకొచ్చింది. పళ్లకు గార పడుతుంది, నోటి వాసన వస్తుంది, దానికి మాత్రం మేం ఆలస్యంగా మేలుకున్నాం. మూడు పళ్లు పీకించాల్సి వచ్చింది.

అసలు పామేరియనే కావాలనుకునేవాళ్లు తల్లినీ తండ్రినీ చూడకుండా డబ్బు కట్టకండి. మమ్మల్ని మోసం చేశారని మొదట్లో కోపమొచ్చేది. ఇప్పుడు దానికి ఒక కంట్లో తెల్లటి పొర కమ్మింది. సిలిండర్ అబ్బాయి ఎటునుంచి వస్తున్నాడో కనబడక, గోడ వైపు తిరిగి మొరుగుతోంది. "అటు కాదు, ఇటు" అని అత్తమ్మ పట్టుకుని తిప్పుతుంది.