బార్‌లో ఫుట్‌బాల్: హైదరాబాద్‌లో పదేళ్లకు పైగా తిరిగాక తేలింది

2022 డిసెంబర్ 18, ఆదివారం రాత్రి. వరల్డ్ కప్ ఫైనల్ పెనాల్టీల దాకా వచ్చింది. మా స్క్రీన్ మీద అర్జెంటీనా ఆటగాడు మోంటియెల్ ఇంకా బంతి దగ్గరికి నడుస్తున్నాడు. ఇంతలో పక్క బిల్డింగ్ రూఫ్‌టాప్ నుంచి ఒకటే కేకలు, ఈలలు. మా టేబుల్‌లో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అర్జెంటీనా గెలిచేసింది, మాకింకా తెలియాల్సి ఉంది. మేమున్న బార్‌వాళ్లు ఫోన్ యాప్‌ని టీవీకి కలిపి వేశారు, పక్కవాళ్లకి డిష్ ఉంది. తేడా అర నిమిషం ఉంటుందేమో. 1986 తర్వాత అర్జెంటీనాకి మళ్లీ కప్పు తెచ్చిన ఆ తన్నుని, కవర్ ఛార్జ్ (లోపలికి రానివ్వడానికి తీసుకునే డబ్బు) కట్టి కూర్చుని మరీ, పక్కవాళ్ల అరుపుల్లో విన్నాం.

ఆ రాత్రి నుంచి టేబుల్ బుక్ చేయడానికి ఫోన్ చేస్తే నా మొదటి ప్రశ్న ఒకటే: "మ్యాచ్ సెట్‌టాప్ బాక్స్‌లో వేస్తారా, యాప్‌లోనా?" అవతల కుర్రాడు తడబడ్డాడంటే యాపే.

నేను ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ అభిమానిని, ఉండేది తార్నాక. 2014 నుంచి జూబ్లీహిల్స్ పబ్బులు, గచ్చిబౌలి బ్రూవరీలు, హిమాయత్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు ఏసీ బార్లు, సైనిక్‌పురి రూఫ్‌టాప్‌లు అన్నీ తిరిగాను. ఎవరినడిగినా స్క్రీన్ సైజు, బీరు రుచి చెప్తారు. వాటికంటే ముందు చూడాల్సింది గడియారం.

మన దగ్గర బార్లు రాత్రి పన్నెండుకి మూసేయాలి, శుక్ర శనివారాల్లో ఒంటిగంటకి. యూరప్ క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో పెద్ద మ్యాచ్‌లు మనకి మొదలయ్యేదే 12:30కి, చలికాలంలో అయితే 1:30కి. కాబట్టి ఛాంపియన్స్ లీగ్‌కి మంచి బార్ ఏదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. తెలిసీ ఒకసారి మొండిగా వెళ్లాను. 2025 ఫైనల్, పారిస్ క్లబ్ పీఎస్‌జీ, ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్. శనివారం కదా, ఒంటిగంట దాకా ఉండనిస్తారని ధైర్యం. సరిగ్గా అరగంట ఆట చూశాం. పీఎస్‌జీ 2-0 మీద ఉండగా లైట్లు వేసేశారు. మూడో గోల్ క్యాబ్ వెనక సీట్లో ఫోన్‌లో చూశాను, మిగతా రెండూ ఇంట్లో సోఫాలో. 5-0 ఫైనల్‌ని మూడు చోట్ల చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

బార్‌కి సరిపోయేది ఇంగ్లండ్‌వాళ్ల ప్రీమియర్ లీగే. అందులోనూ శనివారం 7:30 మ్యాచ్‌లకి ఏ ఇబ్బందీ లేదు. ఆదివారం పెద్ద మ్యాచ్‌తోనే చిక్కు. బ్రిటన్ ఎండాకాలం లెక్కలో అది రాత్రి 9కి మొదలై పదకొండుకల్లా అయిపోతుంది. అక్టోబర్ చివర్లో బ్రిటన్‌వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, దాంతో మార్చి చివరి దాకా మనకి అదే మ్యాచ్ 10కి. ఎనభయ్యో నిమిషంలో టెన్షన్‌తో గోళ్లు కొరుక్కుంటుంటే బార్ కెప్టెన్ (సర్వర్ల పెద్ద) వచ్చి "లాస్ట్ ఆర్డర్ సార్" అంటాడు, వెనకే బిల్లు. ఇంజురీ టైమ్‌లో కార్డు మెషిన్‌లో పిన్ కొడుతూ గోల్ మిస్సయిన రోజులున్నాయి. ఇప్పుడు చలికాలం ఆదివారాలు బిల్లు హాఫ్‌టైమ్‌లోనే కట్టేస్తాను.

తర్వాతి శత్రువు క్రికెట్. మార్చి చివరి నుంచి మే దాకా ఐపీఎల్, ప్రీమియర్ లీగ్ టైటిల్ తేలేదీ అప్పుడే. సన్‌రైజర్స్ ఆడుతుంటే ఫుట్‌బాల్ పెట్టమని అడగడానికి నాకే మొహమాటం. కానీ 2024 మే 19 సంగతి వేరు. సీజన్ ఆఖరి రోజు, ఆర్సెనల్, టైటిల్ పోటీలో ఉన్న మాంచెస్టర్ సిటీ ఒకే టైమ్‌కి, 8:30కి, వేర్వేరు మ్యాచ్‌లు ఆడుతున్నాయి. సన్‌రైజర్స్ మ్యాచ్ సాయంత్రమే అయిపోయింది. రాత్రి రాజస్థాన్, కోల్‌కతా ఆడాలి, గువాహటిలో వాన. పెద్ద స్క్రీన్ మీద కవర్లు కప్పిన మైదానం, గొడుగులు పట్టుకున్న అంపైర్లు. మా మ్యాచ్ వాష్‌రూమ్ తలుపు పక్కన చిన్న టీవీలో, అదీ సౌండ్ లేకుండా. "వాన ఆగితే మళ్లీ మార్చుకో అన్నా" అని బతిమాలినా మార్చలేదు. హావర్ట్జ్ 89వ నిమిషంలో గోల్ కొట్టినప్పుడు ఎవరో తలుపు తెరిచి అడ్డం నిలబడ్డారు. టైటిల్ ఎలాగూ రెండు పాయింట్ల తేడాతో సిటీకే పోయింది. అక్కడ గువాహటి మ్యాచ్ కూడా రద్దయింది. ఆ బార్‌కి మళ్లీ వెళ్లలేదు.

ఇక పబ్బులు. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు స్క్రీన్లు అద్భుతం, ఒక్కోచోట గోడంతా స్క్రీనే. కానీ డీజే ఉంటాడు. కామెంటరీ మ్యూట్, దాని మీద సినిమా పాటలు. కార్నర్ కిక్ పడుతుంటే మాస్ బీట్ వింటూ చూడటం కొందరికి సరదాయేమో, నావల్ల కాదు. వరల్డ్ కప్ ఫైనల్ లాంటి రోజుల్లో మాత్రం పబ్బులవాళ్లే శ్రద్ధగా కామెంటరీ పెడతారు, జనం కూడా మ్యాచ్ కోసమే వస్తారు. ఏడాది మొత్తమ్మీద అలాంటి రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రూఫ్‌టాప్ అయితే పది దాటాక సౌండ్ తగ్గించేస్తారు, అది వాళ్ల తప్పు కాదు.

నా ఓటు మామూలు ఏసీ బార్ అండ్ రెస్టారెంట్‌కి. ఎవరికి చెప్పినా నవ్వుతారు. అక్కడ టీవీలో పొద్దస్తమానం న్యూస్ ఛానలే, కుర్చీల రెక్సిన్ చిరిగి ఉంటుంది. అయితే డీజే లేడు, కవర్ ఛార్జ్ లేదు. వారం మధ్యలో రెండుసార్లు వెళ్లి, కెప్టెన్‌తో నాలుగు మాటలు కలిపితే రిమోట్ మీ చేతికొస్తుంది. హిమాయత్‌నగర్‌లో మేం వెళ్లేచోట ఇప్పుడు మాకు కేటాయించిన మూల ఒకటుంది. అపోలో ఫిష్ బాగుంటుంది, మసాలా పల్లీలు అడగకుండానే వస్తాయి. కెప్టెన్‌కి ఆఫ్‌సైడ్ (గోల్ పడ్డా చెల్లకుండా చేసే రూల్) ఏంటో నేర్పాలని ఐదేళ్లుగా చూస్తున్నాం, ఇంకా "అదేంది సార్, గోల్ పడ్డది కదా" అంటూనే ఉన్నాడు. ఒక్కటే లోపం, పక్క టేబుల్‌వాళ్లు న్యూస్ కావాలని గొడవకి దిగితే కెప్టెన్ ఏమీ చేయలేడు. అందుకే మేం తక్కువలో తక్కువ ఆరుగురం వెళ్తాం.

జనం సంగతికొస్తే, కొండాపూర్, మాదాపూర్ వైపు మలయాళీలు, బెంగాలీలు ఎక్కువగా వచ్చే చోట్లు వెతకండి. అర్జెంటీనా, బ్రెజిల్ మ్యాచ్‌ని వాళ్ల పక్కన చూడటమే వేరు. సికింద్రాబాద్ వైపు మాత్రం ఇంకో రకం. అక్కడ ఒక పాత బార్‌లో తెల్లజుట్టు పెద్దాయన ఒకరు మా గోల విని దగ్గరికొచ్చి, "బలరాం పేరు విన్నారా బాబూ?" అన్నారు. తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ రెండు జట్లకీ కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిస్తే మన ఊరి ఫుట్‌బాల్‌కి అదే మొదలనుకున్నాం. ఆ పూట సెకండ్ హాఫ్ సగం ఆయన మాటల్లోనే గడిచింది, టీవీలో ఏ మ్యాచ్ ఉందో కూడా ఇప్పుడు గుర్తులేదు.

కొత్తగా ఊరికొచ్చినవాళ్లకి తేలికదారి అభిమాన సంఘాలు. పెద్ద క్లబ్బుల అభిమానులు స్క్రీనింగ్ ఎక్కడో ఇన్‌స్టాలో పెడుతుంటారు. బార్‌తో ముందే మాట్లాడుకుంటారు కాబట్టి కామెంటరీ గ్యారంటీ. అవతలి టీమ్ జెర్సీ వేసుకుని మాత్రం వెళ్లొద్దు. కొట్టరు గానీ రాత్రంతా ఆడుకుంటారు.

బుకింగ్ చేసేటప్పుడు కవర్ ఛార్జ్ మొత్తం బిల్లులో తగ్గిస్తారో లేదో తప్పకుండా అడగండి, కొన్నిచోట్ల సగమే తగ్గిస్తారు. బండి ఇంట్లోనే వదిలేయండి, వీకెండ్ రాత్రి డ్రంకెన్ డ్రైవ్ చెకింగ్ ఎటు తిరిగినా ఎదురవుతుంది. మూసే టైమ్‌కి బార్లన్నీ ఒకేసారి ఖాళీ అవుతాయి, క్యాబ్ రేటు రెట్టింపు చూపిస్తుంది. మేమైతే ఫైనల్ విజిల్ పడ్డాక ఓ పావుగంట నడిచి, మెయిన్ రోడ్డు మీద ఆటో మాట్లాడుకుంటాం. ఓడిన రోజు ఆ నడక కాస్త ఎక్కువే ఉంటుంది.