ఫోస్టర్ అక్క ఇచ్చిన రెండు పేజీలు: జీడితో ఏడాదిన్నర

కుక్కని తెచ్చుకోవాలంటే టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, దత్తత ఫారాలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది మా కుక్క జీడిని మాకిచ్చిన ఫోస్టర్ అక్క గురించి, అంటే దత్తత కుదిరేదాకా దాన్ని తన ఇంట్లో ఉంచుకున్న ఆవిడ గురించి.

రోడ్డు మీద దొరికిన ఈ పిల్లను సంస్థవాళ్లు షెల్టర్‌లో పెట్టకుండా విశాఖ గోపాలపట్నంలో ఆవిడ ఇంట్లో ఉంచారు. నాలుగు నెలలు అక్కడే పెరిగింది. మేం తెచ్చుకునేసరికి తొమ్మిది నెలల పిల్ల. పొద్దున కళ్లు తెరిచిన దగ్గర్నుంచి పరుగే.

ఆ రోజు అక్క రెండు పేజీలు చేత్తో రాసి ఇచ్చింది. కుక్కర్ విజిల్‌కి భయం లేదు, మిక్సీ అంటే భయం. చీపురు తీస్తే మంచం కిందకి దూరుతుంది, అప్పుడు పిలవొద్దు, అదే వస్తుంది. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లని చూసి మొరుగుతుంది, హెల్మెట్ తీసి పలకరిస్తే చాలు. ఎడమ చెవి ముట్టుకోనివ్వదు. మొదటి వారంలోనే ఇవన్నీ నిజమని తేలింది. అమ్మ మిక్సీ వేసే ముందు జీడిని బాల్కనీలోకి పంపడం మొదలుపెట్టింది. ముప్పై నలభై కుక్కల మధ్య ఉన్న పిల్ల గురించి ఇంత వివరం ఎవరు చెప్పగలరు? ఆ కాగితంలో తప్పు ఒక్కటీ లేదని అందరికీ చెప్పాను.

అందులోనే ఇంకో మాట ఉంది: "ఒక్కతే ఉన్నా గొడవ చెయ్యదు."

పన్నెండో రోజున ముగ్గురం సింహాచలం వెళ్లాం. నాలుగు గంటల తర్వాత ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కుతుంటేనే ఊళ వినిపించింది. ఎదురింటి మామ్మగారు మా గుమ్మం ముందు స్టూల్ వేసుకుని కూర్చుని, తలుపు అవతలున్న జీడితో "వచ్చేస్తారమ్మా, వచ్చేస్తారు" అంటున్నారు. తలుపు లోపలివైపు కింద సగం గీరేసి ఉంది. గోళ్ల నుంచి రక్తం. కర్టెన్ నేల మీద. మమ్మల్ని చూశాక కూడా వణుకు తగ్గడానికి అరగంట పట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున అసోసియేషన్ నుంచి ఫోన్, కుక్కని పంపేయమని. అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కలను నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చిందని చెప్పాను. కానీ పక్కింటివాళ్లకి నిద్ర లేకపోతే ఆ కాగితం చూపించి ఏం లాభం?

అక్కకి కోపంగానే ఫోన్ చేశాను. "ఒక్కతే ఉంటుందని రాశారు కదక్కా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మేం బయటికెళ్తే మా ముసలోడు ఉండేవాడు కదా తమ్ముడూ."

ముసలోడంటే వాళ్లింట్లో పదకొండేళ్ల కుక్క. మనుషులెవరూ లేకపోతే ఒక్కతే ఉన్నట్టని అక్క అనుకుంది. నిజానికి జీడి పుట్టాక ఏనాడూ ఒక్కతే లేదు.

మర్నాడు అక్క బస్సెక్కి వచ్చింది. ముసలోడు పడుకునే పాత దుప్పటి తెచ్చింది. జీడికి ఒంటరిగా ఉండటం ఎలా అలవాటు చెయ్యాలో చెప్పింది. చెప్పులేసుకోవడం, తాళాలు తీసుకోవడం, మళ్లీ కూర్చోవడం. రెండు రోజులు అంతే, బయటికి పోకూడదు. తర్వాత ఒక నిమిషం బయట. అది ఏడుపు మొదలుపెట్టకముందే లోపలికి రావాలి. రెండు నిమిషాలు, ఐదు, పది. గంటకి చేరడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ రోజూ రాత్రి అక్క ఫోన్ చేసి ఎన్ని నిమిషాలయిందో అడిగేది. ఇప్పుడు మూడు గంటలు ఉంటుంది. అంతకు మించి నేను ఉంచను.

కాగితంలో రాసిన "అరగంట నడక చాలు" అన్నది కూడా ఆ ఇంటి లెక్కే. అక్కడ పెరడుంది, పెనుగులాడటానికి తోడుంది. మాకు పొద్దున ఐదింటికే జోడుగుళ్లపాలెం సముద్రపు ఒడ్డున గంట, సాయంత్రం ఇంకో ముప్పావు గంట. వేసవిలో ఎండెక్కితే రోడ్డు మీద అరచెయ్యి ఆనించి చూస్తాను, నాకు కాలితే దాని పాదాలకీ కాలుతుంది. చలికాలం చివర్లో తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో ఒడ్డున బెల్ట్ అస్సలు వదలను. ఇసుక తవ్వడం జీడికి పిచ్చి, ఆ గుడ్లు దాని కంట పడకూడదు. ఇంటికొచ్చాక వేళ్ల సందుల్లో పిడుదులు వెతకడం రోజూ ఉండే పనే. ఒకసారి వదిలేసినందుకు టిక్ ఫీవర్ వచ్చి నెల్లాళ్లు మందులు వాడాం.

నేను వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని చేస్తాను. అమ్మ ఇంట్లో ఉంటుంది. అందుకే మాకు కుదిరింది. ఇద్దరూ తొమ్మిదింటికి వెళ్లి రాత్రికి వచ్చే ఇల్లయితే ఈ వయసు పిల్లను తెచ్చుకోమని నేను చెప్పలేను, నాలుగైదేళ్ల కుక్క నయం. తెచ్చుకునేవాళ్లు మాత్రం ఫోస్టర్ ఇంటికి వెళ్లి ఒక పూట కూర్చోండి. ఆ ఇంట్లో ఇంకెవరున్నారో, పెరడుందో లేదో, పగలు తలుపు తీసి ఉంటుందో మూసి ఉంటుందో చూడండి.

జీడికి తోడుగా ఇంకో కుక్కని తేవాలా అని పోయిన వారం అక్కని అడిగాను. "తెచ్చేసుకోకు తమ్ముడూ, ముందు ఫోస్టర్‌గా ఉంచుకుని చూడు" అంది. ఆదివారం ఒక పిల్ల వస్తోంది. ఈసారి కాగితం నేను రాయాలి.