సునాబెడ చలికి ఆల్టో టైర్లు: సెమిలిగుడ దుకాణంలో కొన్న అనుభవం

మా ఆల్టో 800 ముందు టైర్లు రెండూ మొన్న అక్టోబరు నాటికి గాడుల అడుగున ఉండే అరుగుదల గుర్తుకు దగ్గరపడ్డాయి. ఆ గుర్తు 1.6 మిల్లీమీటర్ల లోతును సూచిస్తుంది. అంతకు మించి అరిగిన టైరుతో తిరగడం చట్టరీత్యా తప్పు. కానీ ఒడిశా కొండల మీది సునాబెడలో ఉంటూ నెలకు రెండుసార్లు పొట్టంగి, సుంకి మీదుగా ఘాట్ రోడ్డులో ఆంధ్రలోని సాలూరు దిగే మావంటివారు ఆ హద్దు దాకా ఆగకూడదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున కురిసే మంచుకు 26వ నంబరు జాతీయ రహదారి వాన పడ్డట్టే తడిసి ఉంటుంది. లారీల ఊరైన సాలూరు నుంచి ఎక్కే బండ్లు మలుపుల్లో చిందించిన డీజిలు ఆ తడితో కలిసి జారుడు పూతలా తయారవుతుంది. దాన్ని కడిగేసే గట్టి వాన కూడా ఆ నెలల్లో పడదు.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మాత్రం, "మామయ్యా, కొండ బొమ్మలో మంచు రేకు గుర్తున్న శీతాకాలపు టైర్లే వేయించండి" అని పట్టుబట్టాడు. మంచు పేరుకున్న రోడ్ల మీద శీతాకాలపు టైర్లు తప్పనిసరని అక్కడ 2010 నుంచి స్పష్టమైన నిబంధన ఉంది. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే బిరుసెక్కి పట్టు తగ్గుతుంది. శీతాకాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది, దాని మీది సన్నని చీలికలు మంచును కరిచి పట్టుకుంటాయి. మాకు 7 డిగ్రీల కిందికి పోయే ఉదయాలు ఏడాదిలో కొన్నే, అదీ సూర్యుడు పైకి వచ్చేదాకానే. అదే రోజు మధ్యాహ్నం సాలూరు 30 డిగ్రీల్లో ఉంటుంది, ఆ వేడిలో ఆ మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోవడమే కాక బ్రేకు వేసినప్పుడు కారు ఎక్కువ దూరం పోతుంది. పైగా మా కారుకు కావలసిన 145/80 ఆర్12 కొలతలో అలాంటివి ఇక్కడి దుకాణాల్లో కనిపించవు. శీతాకాలపు టైర్లకు పేరున్న డచ్చి కంపెనీ వ్రెడెస్టైన్‌ను మన అపోలో టైర్స్ 2009లోనే కొనుగోలు చేసింది కనుక, మనవాళ్లకు ఆ విద్య తెలియదని అనుకోనక్కరలేదు. కొనేవాళ్లు లేని చోట సరుకు పెట్టరు, అంతే.

అందువల్ల తడి రోడ్డు మీద పట్టు ఇచ్చే తాజా టైర్లు వెతకడమే నా పని అయింది. మొదట జయపురంలో ఒక పెద్ద దుకాణానికి వెళ్తే, ధర బాగా తగ్గిస్తామంటూ మెరిసిపోతున్న జత చూపించారు. టైరు పక్కగోడ మీది నాలుగంకెల సంఖ్య 1123 అని ఉంది, అంటే 2023లో 11వ వారంలో తయారైనవి. రెండున్నరేళ్లు గోదాములో ఉన్న రబ్బరు కొత్తది కాదని అడిగితే, "వాడని టైరుకు వయసేమిటి సార్" అన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

సెమిలిగుడలోని చిన్న దుకాణం యజమాని సాలూరు వైపు మనిషి. సంఖ్య చూపించమని నేను అడగక ముందే తానే టైరు తిప్పి చూపించాడు: 2825, అంటే 2025 జూలై సరుకు. ఎంఆర్‌ఎఫ్, సియట్, అపోలో మూడూ ఉన్నాయి. బ్రాండు చూడకుండా నీళ్లు బయటికి పోయే అడ్డ గాడులు వెడల్పుగా ఉన్న జతను తీసుకున్నాను. నక్షత్రాల ముద్రను చూసి మోసపోవద్దని ఇక్కడే చెప్పాలి: అది ఇంధన పొదుపుకు ఇచ్చే గుర్తు, తడిలో పట్టుకు కాదు. జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గడంతో బిల్లు కూడా నేననుకున్నంత రాలేదు.

ఒక్క విషయంలోనే మాకు వాదన జరిగింది. కొత్తవి ముందు వేద్దామని అతను, వెనుక వేయమని నేను. "ముందు చక్రాలే లాగుతాయి కదా బాబూ, అందరూ అలాగే వేయించుకుంటారు" అన్నాడు. ముందు టైర్లు జారితే కారు మలుపులో తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే చేతికి వస్తుంది. వెనుక టైర్లు జారితే కారు గిరుక్కున తిరిగిపోతుంది, ఘాట్‌లో దాన్ని ఆపడం నావంటివాడి తరం కాదు. చివరికి నా మాటే విని, సగం అరిగిన వెనుకవాటిని ముందుకు మార్చి కొత్తవి వెనుక బిగించాడు. బ్యాలెన్సింగ్ శ్రద్ధగా చేశాడు. అలైన్‌మెంట్ యంత్రం లేక వేరే చోటికి పోవలసి రావడం ఈ దుకాణంలో నాకు కనిపించిన లోటు.

అప్పటినుంచి నాలుగుసార్లు ఘాట్ దిగి ఎక్కాను. తడిసిన మలుపుల్లో మునుపటి బెరుకు లేదు. అయితే గాలి సంగతి మరవకూడదు: సాలూరులో మధ్యాహ్నం పట్టించిన 30 పాయింట్లు మర్నాడు ఉదయం సునాబెడలో 27 చూపింది. అయిదారు డిగ్రీలకు ఒక పాయింటు చొప్పున చలికి గాలి తగ్గుతుంది కనుక, ఇప్పుడు ఇక్కడే, ఉదయం కారు తీయకముందే కొలిచి పట్టిస్తున్నాను.

ఇంతా చూసిన నేను స్టెప్నీ మీది సంఖ్య చూడడం మరిచాను. ఇంటికి వచ్చాక డిక్కీ తెరిస్తే అది 4116. సంక్రాంతికి సాలూరు దిగేలోపు మళ్లీ సెమిలిగుడ వెళ్లాలి.