1969 చార్జరా, స్కాట్ ప్యాకా: ఏది మేలు?

గరాజ్‌లో ఒక్క కారుకే చోటుంటే ఈ మధ్య కాలపు చార్జర్ అయిన స్కాట్ ప్యాక్ కొనండి. వారాంతాల్లో చేతికి గ్రీజు అంటించుకోవడం ఇష్టమై, రోజూ తిరగడానికి ఇంకో కారుంటేనే 1969 జోలికి వెళ్లండి.

రెండూ అమెరికా కంపెనీ డాడ్జ్ చేసినవే, రెండిటి పేరూ చార్జరే. 1969లో ఎక్కువ పవర్ ఉన్న రకమైన ఆర్/టీ రెండు తలుపులది; దాని 440 మాగ్నమ్ (440 క్యూబిక్ అంగుళాల) ఇంజన్ 375 హార్స్‌పవర్ అని రాసి ఉంటుంది. 2015-2023 మధ్య వచ్చిన స్కాట్ ప్యాక్ నాలుగు తలుపుల సెడాన్, ఇంజన్ 392 హెమీ, 485 హార్స్‌పవర్. తేడా 110 అనుకుంటే పొరపాటే. పాతది గ్రాస్ లెక్క, అంటే సైలెన్సర్, ఎయిర్ క్లీనర్ లాంటివి తగిలించకుండా ఇంజన్‌ని విడిగా కొలిచింది. ఇప్పటిది నెట్ లెక్క, అంటే అవన్నీ తగిలించి కొలిచింది. కాబట్టి అసలు తేడా ఇంకా పెద్దది. బ్రేకుల సంగతి చెప్పనే అక్కర్లేదు: అప్పట్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, ముందు డిస్కులు కావాలంటే అదనంగా డబ్బు కట్టాల్సిందే. ఇప్పటిదానికి బ్రెంబో కంపెనీ డిస్కు బ్రేకులు.

పాతది చూడ్డానికి వెళ్తే ముందు విన్ (కారు గుర్తింపు నంబరు) చదవండి. ఎక్స్‌ఎస్29 అని మొదలైతేనే ఆర్/టీ. ఎక్స్‌పీ29 అయితే మామూలు చార్జర్‌కి బ్యాడ్జీలు అతికించారన్నమాట. అయిదో అక్షరం ‘ఎల్’ ఉంటే 440. తర్వాత వెనకద్దం. అది పైకప్పు నుంచి వెనక్కి వాలే రెండు రెక్కల మధ్య లోపలికి ఉంటుంది కాబట్టి కింది అంచులో నీళ్లు నిలుస్తాయి, రేకు తుప్పు పడుతుంది, అక్కణ్నుంచి డిక్కీలోకి కారుతుంది. డిక్కీ మ్యాట్ ఎత్తి చూడండి. వెనక చక్రాల చుట్టూ అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోని చోట పుట్టీ ఉన్నట్టే.

వైరింగ్ ఇంకో తలనొప్పి. ఛార్జింగ్ కరెంటంతా ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) కనెక్టర్ గుండా డ్యాష్‌బోర్డులోని అమ్మీటర్‌కి వెళ్లి తిరిగొస్తుంది. టెర్మినల్ వదులైతే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది, మంట కూడా లేవొచ్చు. ఫ్యూజిబుల్ లింక్ (కరెంటు మితిమీరితే కరిగి తెగే వైరు) పెట్టి ఆల్టర్నేటర్ నుంచి నేరుగా బ్యాటరీ వైపు వైరు లాగితే ఆ బెడద తగ్గుతుంది. తాళం తిప్పినంతసేపూ ఇంజన్ అంటుకుని, వదలగానే ఆగిపోతోందా? ముందు అనుమానించాల్సింది బలాస్ట్ రెజిస్టర్‌ని (ఇగ్నిషన్‌కి వెళ్లే కరెంటుని తగ్గించే ముక్క). చవకైన పార్టు, ఒకటి గ్లవ్ బాక్సులో పడేసుకోండి. వాల్వుల్ని తెరిచే క్యామ్ పాత రకందే ఉంటే జింక్ ఎక్కువున్న ఆయిలే పోయాలి. డ్రైవర్ వైపు చక్రాల నట్లు ఎడమ మరవి, అంటే మామూలువాటికి తిరగేసి తిప్పాలి. టైర్ల షాపు కుర్రాడికి ముందే చెప్పకపోతే స్టడ్డు విరగ్గొట్టేస్తాడు.

కొత్తదానికి ఇన్ని తిప్పలు లేవు గానీ, వచ్చినప్పుడు బిల్లు పేలుతుంది. 0డబ్ల్యూ-40 ఆయిల్ 7 క్వార్టులు, 91 ఆక్టేన్ పెట్రోలు, సిలిండర్‌కి రెండేసి చొప్పున 16 స్పార్క్ ప్లగ్గులు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వినండి. టిక్ టిక్ శబ్దం వచ్చి, వేడెక్కాక పోతే చాలావరకు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరిగినట్టు. వేడెక్కాక కూడా ఉంటే లిఫ్టర్ (క్యామ్ మీద నడుస్తూ వాల్వుని కదిపే ముక్క) రోలర్ అరిగి క్యామ్‌ని తినేస్తోందేమో చూపించాలి. అదే అయితే హెడ్లు దించాల్సిందే. అలాంటి కారు బేరమాడకుండా వదిలేయండి.

దొంగల బెడద కూడా కొత్తదానికే ఎక్కువ. కొనకముందే మీ జిప్ కోడ్‌కి (అమెరికా పిన్‌కోడ్) ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించుకోండి. దొంగతనాన్ని అడ్డుకునే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పడిందో లేదో డీలర్‌కి విన్ చెప్పి కనుక్కోండి.